మూడాకుల కషాయం

"ఈ చలికాలం నా పిల్ల గట్టెక్కుతుందంటావా అమ్మా?" అని పైకే అనేశాను.

అప్పటికింకా ఏమీ కాలేదు. అయాండా ఒక్కసారైనా దగ్గలేదు. మే నెల, మా దేశంలో చలికాలం మొదలయ్యేది అప్పుడే. సరస్సు మీంచి చలిగాలి తిరిగింది, అంతే.

మా అత్త గుమ్మంలో కాళ్ళు చాపుకుని తాటాకు బుట్ట అల్లుతోంది. తలెత్తలేదు.

"నీకు గాలి తిరిగితే భయం, తిరక్కపోతే భయం. కొత్తగా వచ్చినప్పుడూ ఇంతే, ఈ ఇసకలో ఇల్లు కూరుకుపోదా అని అడిగావు. కూరుకుపోయిందా?"

"పోలేదు."

"మరి? పోయి కుండ తోముకో మకోటీ."

మకోటీ అంటే కొత్తకోడలు. పిల్లలు పుట్టాక ఎవరూ అలా పిలవరు. ఊరంతా నన్ను మా పుట్టింటి వంశం పేరుతో మామ్తెంబూ అంటుంది. మా అత్తకి మాత్రం పదిహేనేళ్ళ తర్వాత కూడా నేను నిన్న వచ్చినదాన్నే.

కీడెంచి మేలెంచమంటారు. నాకు కీడెంచడంతోనే పొద్దు గడిచిపోతుంది, మేలు దాకా వెళ్ళనే వెళ్ళను. అలాగని ఊరికే భయపడే మనిషిని కాదు. అయాండాకి ఏడేళ్ళు. ఏటా చలి మొదలవగానే దాని ఛాతీలో పిల్లి గురక మొదలవుతుంది. దానికన్నా ముందు పుట్టిన పిల్ల ఏడాదిన్నర వయసులో ఇలాంటి చలికాలంలోనే పోయింది. ఆ పిల్ల పేరు ఫిలిలె. కోలుకున్నది అని దానర్థం. పుట్టగానే ఏడవలేదు, కాసేపటికి ఏడ్చింది. అందుకని మా అత్తే పెట్టింది ఆ పేరు.

మా వైపు దగ్గుకి ఒక్క ఆకు ఎవరూ కాచరు, కలిపి కాస్తారు. ఒక ఇంటి పాళ్ళు ఇంకో ఇంట్లో ఉండవు. మా ఇంటివి మూడాకులు. జామ, నీలగిరి, ఉంసుజ్వానే. ఆ చివరిది పొదలా పెరుగుతుంది, నలిపితే నిమ్మవాసన. నా మొదటి చలికాలంలో మా అత్త మూడువేళ్ళు మడిచి చూపించింది. "మూడే. గుర్తుంచుకో." మూడుకాళ్ళ ఇనప కుండలో కాచి, పిల్లని దుప్పటి కింద కూర్చోబెట్టి ఆవిరి పట్టి, ఒక కప్పు తాగించాలి.

అవే ఆకులు, అదే కుండ, అవే నీళ్ళు. నేను కాస్తే పిల్ల రెండు వారాలు దగ్గేది. ఆవిడ కాస్తే నాలుగోరోజుకి మేకపిల్లలా గెంతేది.

"చెయ్యి," అనేది మా అత్త. "నీది భయం చెయ్యి. నువ్వు భయపడుతూ కాస్తున్నావని ఆకుకి తెలిసిపోతుంది."

నమ్మాను. భయం చెయ్యి నిజమే కదా.

ఇంకో మాట కూడా చెప్పాలి. మా ఇళ్ళలో వాకిలంటే ఒట్టి ఇసక ఉండాలి. పచ్చ పరక కనబడకూడదు, కనబడితే కోడలికి మాట. కోడి కూసేసరికి చీపురు పట్టేదాన్ని. మేకల దొడ్డి వెనక మాత్రం ఒక తీగ ఎంత పీకినా వచ్చేది. నేలకి అంటుకుని పాకేది, ఎర్రటి సన్నటి కాడ, కణుపు కణుపుకీ చిన్న ఆకు. రోజూ పీకి మేకల ముందు పడేసేదాన్ని. మా అత్త టీ కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూసేది. "శుభ్రంగా ఊడ్చావు," అనేది. తర్వాత మేకల్ని చూసొస్తానని అటు వెళ్ళేది. ముసలామెకి మేకలంటే ఎంత ప్రేమో అనుకునేదాన్ని.

జూన్‌లో లిండెని వచ్చింది. యూనివర్సిటీ పిల్ల. ఊరిపెద్ద దగ్గర అనుమతి తీసుకుని, మర్యాదకి పంట్లాం మీద ఒక గుడ్డ చుట్టుకుని, సంచీ నిండా కాగితం కవర్లు వేసుకుని మా వాకిట్లో చాప మీద కూర్చుంది. పక్కింటి మాగుమెడె పిలవకుండానే వచ్చి చేరింది. ఆమె రాకపోతే మా ఊళ్ళో ఏదీ జరిగినట్టు కాదు.

"మీ పట్నంలో దగ్గు దొరక్కా, ఇంత దూరం వచ్చావు?" అంది మాగుమెడె.

"దగ్గు దండిగానే ఉంది పిన్నీ. కుండలే లేవు."

అందరం నవ్వాం. తర్వాత ఆ పిల్ల మెల్లిగా చెప్పుకొచ్చింది. ఊపిరితిత్తులకి పట్టే క్రిములు కొన్ని ఉంటాయట. వాటిని గాజు బుడ్లలో పెంచుతారట. ఒక్కో ఆకు రసాన్ని విడిగా వాటి మీద పోసి చూసినవాళ్ళు ఇదివరకే చాలామంది ఉన్నారట. "కానీ మీరు విడిగా కాచరు కదా. మీరు కలిపినట్టే కలిపి చూద్దామని మేం మొదలుపెట్టాం. కలిస్తే బలం పెరుగుతుందా, ఒకదాన్నొకటి తినేస్తుందా అని."

"అబ్బ!" అని మాగుమెడె చేతులు చరిచింది. "ఉప్పు విడిగా, కూర విడిగా తినరని చదువుకున్నవాళ్ళకి ఇన్నాళ్ళకి తెలిసింది!"

లిండెని కూడా నవ్వింది కానీ పని దగ్గర గట్టి మనిషి. ఎవరు కాచే ఆకులు వాళ్ళే, వాళ్ళ చేత్తోనే, వాళ్ళ పాళ్ళలోనే ఇవ్వాలంది. నేను అప్పటికప్పుడు కోసి, మూడూ కలిపి ఒక కవర్లో, విడివిడిగా మూడు కవర్లలో వేసిచ్చాను. కలిపినదాని మీద పద్నాలుగు అని రాసుకుంది.

"గోగో, మీరు కూడా ఇవ్వండి," అంది మా అత్తతో. అమ్మమ్మని పిలిచినట్టు ముద్దుగా పిలిచింది.

"నా మోకాళ్ళు ఇప్పుడు చెట్ల చుట్టూ తిరగవు తల్లీ. నా దగ్గర ఎండబెట్టి నలిపింది ఉంది."

లోపలికెళ్ళి డబ్బా తెచ్చింది. మూత మీద గులాబీల రంగు పోయిన పాత బిస్కెట్ల డబ్బా. అది ఆవిడ గుండ్రటి ఇంట్లో వెనకగోడ దగ్గర, పెద్దల చోట ఉంటుంది. చనిపోయిన ఇంటిపెద్దలు అక్కడ కూర్చుంటారు. కోడలు అక్కడ అడుగు పెట్టకూడదు, చెయ్యి చాపకూడదు. ఆ డబ్బా మూత తెరిచి ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు కూడా మా అత్త అటు తిరిగి రెండు గుప్పిళ్ళు తీసి కవర్లో పోసింది.

"ఇందులో ఏమేం ఉన్నాయి గోగో?"

"మా కోడలు చెప్పినవే. మూడు."

లిండెని రాసుకుంది. పదిహేను.

ఆ పిల్ల వెళ్ళాక అడిగాను, "మనది బాగుందని వస్తుందంటావా అమ్మా, బాలేదని వస్తుందంటావా?"

"ఎలా వచ్చినా నీకు నిద్రపట్టదు కదా," అంది మా అత్త. ఆ రోజు హుషారుగా ఉంది. "పురుగులకేం తెలుసే, వాటికేమైనా నోరుందా?"

జూలైలో అయాండాకి పట్టుకుంది. నేను అనుకున్నదానికంటే ముందే పట్టుకుంది. బుధవారం బుధవారం వచ్చే ఆసుపత్రి బండి దగ్గరికి ఎత్తుకెళ్ళాను. నర్సు ఛాతీ మీద గొట్టం పెట్టి విని సీసా మందిచ్చి, ఐదురోజులూ తప్పకుండా పట్టమంది. ఇంటికొచ్చేసరికి మా అత్త కుండ ఎక్కించి ఉంచింది.

దుప్పటి కింద నుంచి అయాండా గొంతు బొంగురుగా వచ్చింది. "అమ్మా, ఇది నువ్వు కాచావా, గోగో కాచిందా?"

"గోగో."

"అయితే తాగుతాలే."

"విన్నావా?" అని మా అత్త నవ్వింది. నేనూ నవ్వాను. పొయ్యి పొగ అని చెప్పి కళ్ళు తుడుచుకున్నాను.

తొమ్మిదేళ్ళ కింద, ఫిలిలె చనిపోయిన వారం మా అత్త ఇంట్లో లేదు. చెల్లెలికి ఒంట్లో బాలేదని కబురొస్తే సరిహద్దు అవతలకి వెళ్ళింది. నా మొగుడు ముసా ఎప్పట్లాగే ఓడరేవులో పనిలో ఉన్నాడు. పిల్లకి దగ్గు వచ్చింది. మూడాకులు కాచాను. నాలుగు రోజులు కాచాను. ఐదోరోజు పిల్ల పక్కటెముకలు లోపలికి పీక్కుపోవడం చూసి, నా జన్మలో ఎవరికీ చెప్పని పని చేశాను. మా అత్త ఇంట్లోకి మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళాను. పెద్దలకి క్షమించమని చెప్పుకుని, ఆ డబ్బా కోసం వాళ్ళ చోటులో చెయ్యి పెట్టాను. ఆవిడ చేత్తో నలిపింది కదా, ఆవిడ చెయ్యి అందులో కొంచెమైనా ఉంటుందని.

డబ్బా లేదు. దుమ్ములో గుండ్రటి మచ్చ ఉంది. మందు నిండుకుని ఉంటుంది, ఖాళీ డబ్బా ఎక్కడో పెట్టి ఉంటుంది అనుకున్నాను.

పిల్లని వీపుకి కట్టుకుని తారురోడ్డు వైపు నడిచాను. ఆ ఇసకలో మూడు గంటల నడక. రెండో గంటలో వీపు మీద బరువు మారింది. తల్లికి తెలుస్తుంది. అది మంగళవారం. బండి బుధవారం వస్తుంది.

మా అత్త తిరిగొచ్చి నా పక్కన చాప మీద కూర్చుని ఏడ్చింది. మూడోరోజు మెల్లిగా అంది, "ఎక్కువసేపు కాచి ఉంటావు మకోటీ. మాడిపోతే ఆకు పనిచెయ్యదు."

నా చెయ్యి మంచిది కాదు, నా కాలు వెళ్ళకూడని చోటికి వెళ్ళింది. ఈ రెండూ కలిసి నా పిల్లని తినేశాయని తొమ్మిదేళ్ళు నమ్మాను. ఎవరితోనూ అనలేదు.

ఆగస్టు చివర్లో లిండెని మళ్ళీ వచ్చింది. వచ్చి చెప్తానని మాటిచ్చి వచ్చినవాళ్ళని మా ఊళ్ళో అదే మొదటిసారి చూడటం. ఆకులిచ్చిన ఆడవాళ్ళంతా మా వాకిట్లో చేరారు. అయాండా అప్పటికి తేరుకుని అవతల తాడాట ఆడుతోంది. మా అత్త గుమ్మంలో బుట్ట అల్లుతోంది.

లిండెని తన ఫోన్లో ఫోటో చూపించింది. ఒక చిన్న పళ్ళెం, దాని నిండా వరసగా గుంటలు. "ఒక్కో గుంటలో క్రిములుంటాయి. మొదటి గుంటలో మీ కషాయం చిక్కగా పోస్తాం. పక్కదాంట్లో సగం, దాని పక్కదాంట్లో అందులో సగం, అలా పల్చబడుతూ పోతుంది. చివర్లో ఒక చుక్క రంగు మందు వేస్తాం. క్రిమి బతికుంటే గుంట గులాబీ రంగుకి తిరుగుతుంది. చస్తే తిరగదు."

"నాది చూపించు ముందు," అంది మాగుమెడె. ఆమెది నాలుగో గుంట దాకా తేటగానే ఉంది. లేచి ఒక చుట్టు తిరిగి ఆడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇది పద్నాలుగు. మీది పిన్నీ."

రెండు గుంటలు తేట. మూడోదాన్నుంచి అంతా గులాబీ.

"ఇది పదిహేను. గోగోది."

ఏడో గుంట దాకా నీళ్ళలా ఉంది.

ఎవరో ఈల వేశారు. లిండెని మాత్రం మొహమాటపడుతున్నట్టు తల గోక్కుంది. "ఇదే మాకు అర్థం కాలేదు. ఒకటే ఇల్లు, అవే మూడాకులు. ఎండబెట్టినందుకేమో అనుకుని మీ ఆకులు కూడా ఎండబెట్టి చేశాం. పాళ్ళు మార్చి చేశాం. ఇంత తేడా రాలేదు. కవర్లు కలిపేశావా అని మా మేడమ్ నన్ను తిట్టింది కూడా. గోగో, అందులో ఇంకేమైనా ఉందా?"

మా అత్త వేళ్ళ మధ్య తాటాకు ఆగింది.

"నా చెయ్యి ఉంది," అంది.

"చేతిని కూడా కోసి కవర్లో వేశావా?" అంది మాగుమెడె. వాకిలి వాకిలంతా నవ్వింది. "నీకు తెలీదు పిల్లా, అత్తలు ఒకటి దాచుకుంటారు. అది ఉన్నన్నాళ్ళే వాళ్ళకి వేడి గంజి. మా అత్త పోయేరోజున నా చెవిలో చెప్పింది, కల్లులో ఏం కలిపేదో!"

మళ్ళీ నవ్వారు. నేను మా అత్త చేతుల వైపు చూస్తున్నాను. ముడతలు పడ్డ చేతులు, బొటనవేలికి తాటాకు కోసిన గాటు. ఆ చేతులు ఎక్కడికీ వెళ్ళలేదు, ఇక్కడే బుట్ట అల్లుకుంటున్నాయి. పట్నం వెళ్ళింది కవరే.

అందరూ లేచాక లిండెని నన్ను పక్కకి పిలిచి ఒక చిన్న పొట్లం విప్పింది. "పదిహేనులో మిగిలింది భూతద్దం కింద పెట్టి ఏరాను పిన్నీ. ఇది ఆ మూడింటిదీ కాదు. మీకేమైనా తెలుసా?"

కాగితం మీద నాలుగైదు ముక్కలు. ఎర్రటి సన్నటి కాడ, కణుపుతో సహా.

రోజూ పొద్దున్నే నా వేళ్ళకి తగిలే కాడ. చీకట్లో చూపించినా చెప్పగలను.

"తెలీదు," అన్నాను.

ఎందుకలా అన్నానో ఇప్పటికీ నాకు తెలీదు. ఇంటి గుట్టు అనుకున్నానేమో. ఇంకోటి అడిగాను. "ఆ ఏడు గుంటల మందు పిల్లల ఛాతీలో కూడా అలాగే పనిచేస్తుందా?"

"పళ్ళెంలో చచ్చిన క్రిమి ఒంట్లోనూ చస్తుందని నేను చెప్పలేను పిన్నీ, చెప్తే అబద్ధం అవుతుంది. అయాండాకి ఆయాసం వస్తే మాత్రం కుండ దగ్గర కూర్చోకండి. ఆసుపత్రికి తీసుకెళ్ళండి."

మంచి పిల్ల. నాకు కావలసిన జవాబు ఆమె దగ్గర లేదు.

మర్నాడు పొద్దున్నే చీపురు తీశాను. ముందువాకిలి ఊడ్చాను, వంటింటి చుట్టూ ఊడ్చాను, మేకల దొడ్డి దాకా వచ్చి ఆగాను. మా అత్త గుమ్మంలో టీ కప్పుతో నిలబడి ఉంది. నేను చీపురు గోడకి ఆనించి లోపలికి వెళ్ళిపోయాను.

శుభ్రంగా ఊడ్చావు అనలేదు ఆవిడ. ఆ రోజు నుంచి అసలేమీ అనలేదు. గంజి పెడితే తినేది, పుల్లపాలు పోస్తే తాగేది. అయాండాతో మాట్లాడేది. నేను లోపలికి రాగానే ఆ మాట మధ్యలో ఆగిపోయేది.

దొడ్డి వెనక తీగ పాకడం మొదలుపెట్టింది. వారానికి చాపంత అయింది, ఇంకో వారానికి గుడిసె వెనక గోడ అందుకుంది.

"ఏంటి మామ్తెంబూ, వెనకాల పచ్చిక పెంచుతున్నావు? మేకలకి పెళ్ళా?" అని మాగుమెడె కంచె మీంచి అరిచింది. "ఊరంతా అనుకుంటోంది, నీకు నడుం పడిపోయిందని!"

"పడిపోయిందనే అనుకోనీ."

ముసా ఫోన్ చేశాడు. "అమ్మతో గొడవా?"

"లేదు."

"మరి వాకిలి ఊడవట్లేదంట?"

"ఊడుస్తున్నా. ఒక్కచోట ఊడవట్లేదు."

"ఒక్కచోట ఊడవకపోవడమేంటి?"

"మీ అమ్మనడుగు."

అతను అడిగాడో లేదో నాకు తెలీదు.

ఆ మూడు వారాలూ నేను నా పదిహేనేళ్ళు తవ్వుకున్నాను. మొదటి చలికాలం మడిచిన మూడువేళ్ళు. రోజూ పొద్దున్న ఆ గుమ్మంలో టీ కప్పు. నేను పీకి పారేస్తుంటే చూసి, నా వెనకే వెళ్ళి, మేకల నోటి ముందు నుంచి ఏరుకున్న చేతులు. "మాడిపోతే ఆకు పనిచెయ్యదు." ఒకటి ముట్టుకుంటే ఇంకోటి కదిలేది. చివరికి అన్నీ పక్కకి జరిగాక ఒక్కటే మిగిలింది. దుమ్ములో గుండ్రటి మచ్చ.

సెప్టెంబర్ మూడోవారంలో మొదటి వాన పడింది. ఆ తేమకి అయాండా రెండుసార్లు దగ్గింది. పెద్ద దగ్గు కాదు. నేను వానలోనే దొడ్డి వెనక్కి వెళ్ళి గుప్పెడు తీగ పీకి కడిగాను. కుండ తెచ్చి మా అత్త ఎదురుగానే పొయ్యి మీద పెట్టాను. జామ వేశాను. నీలగిరి వేశాను. ఉంసుజ్వానే వేశాను. ఆవిడ కళ్ళలోకి చూస్తూ నాలుగోది వేశాను.

ఆవిడ బుట్ట ఒళ్ళోకి లాక్కుని అల్లడం మొదలుపెట్టింది.

"ఫిలిలె చనిపోయిన వారం నేను పెద్దల చోటికి వెళ్ళానమ్మా," అన్నాను. "మోకాళ్ళ మీద వెళ్ళాను. తప్పే. ఆ తప్పు మోసింది చాలు. అక్కడ నీ డబ్బా లేదు. ఎక్కడుంది?"

వాన రేకుల మీద కొడుతోంది. కుండ కాగింది. నేను దించాను. అయాండా వచ్చి దుప్పటి కింద దూరి, ఆవిరి పట్టించుకుని, కప్పు ఊదుకుంటూ తాగి, ఈసారి ఎవరు కాచారని అడక్కుండా ఆడుకోవడానికి పోయింది. పొయ్యి కట్టె ఒకటి విరిగి పడింది. వాన తగ్గింది. చూరు నుంచి చుక్కలు పడటం కూడా ఆగింది. నేను లేవలేదు. ఎంతసేపైనా లేవకూడదని కూర్చున్నాను.

మా అత్త ఒళ్ళో బుట్ట పక్కన పెట్టింది.

"నాతో పట్టుకెళ్ళాను, ఫిలిలె తల్లీ," అంది. ఎప్పుడూ నన్ను అలా పిలవలేదు. "మా చెల్లెలికి దగ్గు లేదు. దానికి కాలు విరిగింది. నేను ఇంట్లో లేనప్పుడు నువ్వు మూత తీసి చూస్తావని పట్టుకెళ్ళాను."